అమ్మాయి, ఆమెకు ప్రాణమైన పిల్లి: పిల్లల కథ రాయడానికి సమగ్ర మార్గదర్శి

పిల్లల కోసం కథలు రాయాలనుకునే వారిలో చాలామంది ఏదో ఒక రోజున ఒక అమ్మాయినీ, ఆమె పెంచుకునే పిల్లినీ కథలోకి తీసుకువస్తారు. పాత్రలు రెండే కావడం, వాటి మధ్య ప్రేమ ఉందని ముందే తెలిసిపోవడం వల్ల ఈ కథ తేలికగా సాగిపోతుందని అనిపిస్తుంది. తీరా రాశాక చూస్తే అందులో అమ్మాయి ఉంటుంది, ప్రేమ అనే మాట కూడా పదేపదే ఉంటుంది, కానీ పిల్లి ఉండదు. ఎత్తుకోవడానికీ ముద్దాడడానికీ పనికివచ్చే మెత్తని బొమ్మ ఒకటి ఉంటుంది, అంతే. పిల్లిని దగ్గరగా చూసిన పిల్లలు ఆ తేడాను వెంటనే పసిగడతారు.

కాబట్టి ఈ మార్గదర్శి మొదటి నుంచి చివరి వరకు ఒకే మాట మీద నిలబడుతుంది. కథలోని పిల్లి నిజమైన పిల్లిలా ప్రవర్తించాలి, అమ్మాయి ప్రేమ ఆ పిల్లిని గమనించడంలోనూ అర్థం చేసుకోవడంలోనూ కనిపించాలి. పిల్లి తన ఇష్టప్రకారం నడుచుకునే ప్రాణి కనుక, అమ్మాయి కోరుకునేదానికీ పిల్లి కోరుకునేదానికీ మధ్య ఎప్పుడూ కొంత ఎడం ఉంటుంది. కథకు కావలసిన ముడిసరుకంతా ఆ ఎడంలోనే ఉంది. వివరణ స్పష్టంగా ఉండడం కోసం ఒక ఉదాహరణ కథను కూడా వెంట తీసుకువెళదాం. అందులో అమ్మాయి పేరు నీల, వయసు 7 ఏళ్ళు. పిల్లి పేరు గవ్వ.

మొదటి మెట్టు: ఎవరికోసం రాస్తున్నారో తేల్చుకోవడం

కలం పట్టే ముందు పాఠకుడి వయసును నిర్ణయించుకోవాలి. 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు పెద్దలు చదివి వినిపించే బొమ్మల కథలు సరిపోతాయి. ఇలాంటి పుస్తకాలు సాధారణంగా 32 పేజీల్లో ఉంటాయి. పేరు పేజీ వంటివి పోగా కథకు 12 నుంచి 14 జంట పేజీలు మిగులుతాయి కాబట్టి, మొత్తం కథ 500 మాటలకు అటూ ఇటూగా ఉంటే చాలు. సొంతంగా చదవడం మొదలుపెట్టిన 6 నుంచి 8 ఏళ్ళ పిల్లలకు 1000 నుంచి 2000 మాటల కథ అనువుగా ఉంటుంది. అంతకన్నా పెద్ద పిల్లలు అధ్యాయాలుగా సాగే కథను కూడా ఇష్టంగా చదువుతారు.

కథానాయిక వయసు పాఠకుడి వయసుతో సమానంగానో, ఒకటి రెండేళ్ళు ఎక్కువగానో ఉండడం మంచిది. పిల్లలు తమకన్నా కొంచెం పెద్దవాళ్ళ పనులను ఆసక్తిగా చూస్తారు కానీ, తమకన్నా చిన్నవాళ్ళ కథ అంటే మొహం తిప్పుకుంటారు.

రెండవ మెట్టు: పిల్లిని చూడడం

అన్ని మెట్లలోకీ ఇదే ముఖ్యమైనది, తొందరపడితే నష్టం కలిగేది కూడా ఇక్కడే. వీలుంటే ఒక పిల్లి ఉన్న చోట కొన్ని గంటలు కూర్చుని, అది చేసిన ప్రతి పనినీ కాగితం మీద రాసుకోవాలి. ఆ సమయంలో ‘ముద్దుగా ఉంది’, ‘గర్వంగా నడిచింది’ వంటి మాటలను పక్కన పెట్టి, కంటికి కనిపించినదే రాయాలి. తోక ఎక్కడ ఉంది, చెవులు ఎటు తిరిగాయి, కూర్చోబోయే ముందు ఎన్నిసార్లు చుట్టూ తిరిగింది, ఏ చప్పుడుకు లేచింది, ఎవరి వైపు చూడకుండా ఉండిపోయింది అన్న వివరాలే తరువాత కథను నిలబెడతాయి.

పిల్లి శరీరం మాట్లాడే తీరును రచయిత తెలుసుకోవాలి. తోకను నిటారుగా ఎత్తి, కొనను కొద్దిగా వంచి ఎదురువచ్చే పిల్లి స్నేహంగా పలకరిస్తున్నట్లు లెక్క. కుక్క తోక ఊపితే సంతోషమని తెలిసిన పిల్లలు, పిల్లి తోకను అటూ ఇటూ విసురుతున్నప్పుడు కూడా అది సంతోషంగానే ఉందనుకుంటారు. నిజానికి అది విసుగుకు గుర్తు. చెవులు తలకు అంటుకుపోయేలా వెనక్కి వాల్చడం భయాన్నో కోపాన్నో తెలుపుతుంది. చెంపలనూ నుదుటినీ మనిషి కాళ్ళకు రాసినప్పుడు పిల్లి తన వాసనను వాళ్ళకు అంటించి, వాళ్ళను తనవాళ్ళలో కలుపుకుంటుంది. ముందు పాదాలతో దుప్పటిని మార్చి మార్చి నొక్కడం కూనగా ఉన్నప్పటి అలవాటు. తల్లి పొట్టను అలా నొక్కితే పాలు బాగా వచ్చేవి కాబట్టి, పెద్దయ్యాక కూడా హాయిగా ఉన్న వేళల్లో అది అలాగే చేస్తుంది.

గురగుర శబ్దం గురించి ఒక ముఖ్యమైన సంగతి ఉంది. పిల్లి సంతోషంగా ఉన్నప్పుడు గురగురలాడుతుందన్నది నిజమే కానీ, నొప్పితో ఉన్నప్పుడూ భయపడినప్పుడూ కూడా అది ఆ శబ్దం చేయగలదు. ఒక్క ఈ వివరంతోనే మంచి కథ అల్లవచ్చు. పిల్లి గురగురలాడుతోంది కాబట్టి బాగానే ఉందని అందరూ అనుకుంటూ ఉండగా, అది గిన్నె వైపు వెళ్ళడం లేదనీ, మామూలుగా ఎక్కే కిటికీ గట్టు ఎక్కడం మానేసిందనీ ఒక్క అమ్మాయే గమనిస్తుంది. పిల్లులు జబ్బును దాచుకుంటాయి కనుక, ఆ అమ్మాయి చూపు ఒక ప్రాణాన్ని కాపాడుతుంది. ఇంత సహజంగా పుట్టే కథకు మంత్రాలూ మాయలూ అవసరం లేదు.

పిల్లి రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది. తెల్లవారుజామునా సంధ్య వేళా చురుగ్గా ఉంటుంది. మనిషి చెవికి దాదాపు 20 కిలోహెర్ట్జ్ (సెకనుకు 20 వేల కంపనాలు) వరకే వినిపిస్తే, పిల్లికి 60 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాలు కూడా వినిపిస్తాయి. అందుకే ఎవరికీ ఏమీ వినబడని గదిలో అది ఉన్నట్టుండి గోడ వైపు తిరిగి చెవులు రిక్కిస్తుంది. పెద్ద పిల్లులు మ్యావ్ అనే పిలుపును తోటి పిల్లులతో కన్నా మనుషులతోనే ఎక్కువగా వాడతాయి. ఈ మాట మొదటిసారి విన్న పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. తమ పిల్లి తమకోసం ఒక భాషను దాచి ఉంచిందని తెలియడం ఏ బిడ్డకైనా పెద్ద కానుక.

పరిశోధనలు కూడా రచయితకు సాయపడతాయి. పిల్లులు తమ పేరును ఇతర మాటల నుంచి వేరు చేసి గుర్తించగలవని 2019లో జపాన్ పరిశోధకులు చూపించారు. మనిషి కళ్ళను నెమ్మదిగా మూసి తెరిస్తే పిల్లి కూడా అలాగే బదులివ్వడానికీ, దగ్గరకు రావడానికీ అవకాశం పెరుగుతుందని 2020లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. ఈ రెండో విషయాన్ని నీల కథలో వాడుకోబోతున్నాం.

రంగు విషయంలో కూడా జాగ్రత్త కావాలి. తెలుపు, నలుపు, నారింజ రంగులు మూడూ ఉన్న పిల్లుల్లో దాదాపు అన్నీ ఆడవే, ఎందుకంటే నారింజ రంగును నిర్ణయించే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, ఆ క్రోమోజోములు ఆడ పిల్లికి రెండు ఉంటే మగ పిల్లికి సాధారణంగా ఒకటే ఉంటుంది. గవ్వ మూడు రంగుల పిల్లి అని రాసిన తరువాత దాన్ని మగ పిల్లిగా చూపించకూడదు. అలాగే అప్పుడే పుట్టిన కూన కళ్ళు తెరిచి అమ్మాయిని చూసిందని రాయడం కూడా పొరపాటే. కూనలు కళ్ళు తెరవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, తెరిచిన కళ్ళు కూడా మొదట్లో నీలంగానే ఉంటాయి.

మూడవ మెట్టు: అమ్మాయికి ఒక కోరికా ఒక లోపమూ ఇవ్వడం

‘మంచి అమ్మాయి, పిల్లిని ఎంతో ప్రేమించేది’ అన్న వాక్యంతో మొదలైన కథకు ముందుకు నడిచే దారి ఉండదు. ప్రేమించే అమ్మాయికి కూడా తెలియని సంగతులు ఉంటాయి, ఓపిక లేని క్షణాలు ఉంటాయి. నీలకు గవ్వ ఎప్పుడూ తన ఒడిలోనే ఉండాలని కోరిక. గవ్వ కనబడగానే పరుగెత్తుకెళ్ళి రెండు చేతులతో బిగించి ఎత్తుకుంటుంది. గవ్వ ఒక నిమిషం ఓర్చుకుని జారిపోతుంది. నీల ప్రేమలో కొరత లేదు, కానీ ఆ ప్రేమలో ఎదుటి ప్రాణికి చోటు తక్కువ. కథ ముగిసేసరికి ఆమె మారవలసింది అక్కడే.

ఈ లోపాన్ని రచయిత ఖండించకూడదు. బిగించి ఎత్తుకోవడం ఏ బిడ్డ అయినా చేసే పనే. కథ చదివే పాప తనను ఎవరో మందలిస్తున్నారని అనుకుంటే పుస్తకం మూసేస్తుంది. నీల ఎత్తుకుంది, గవ్వ తోక విసిరింది, గవ్వ దిగిపోయింది అని చూపించి ఊరుకోవాలి. మిగతాది చదివేవారికి వదిలేయాలి.

అమ్మాయికి ఒక ప్రత్యేకమైన అలవాటు కూడా ఉంటే పాత్ర వెంటనే కళ్ళ ముందు నిలుస్తుంది. నీల తను చూసిన ప్రతి వస్తువునూ లెక్కపెడుతుందనుకుందాం. మెట్లు లెక్కపెడుతుంది, చొక్కా గుండీలు లెక్కపెడుతుంది, గవ్వ మీసాలు లెక్కపెట్టబోతే గవ్వ ముఖం తిప్పేస్తుంది. ఈ అలవాటు నవ్వు పుట్టించడానికి మాత్రమే కాకుండా తరువాత కథకు పనికిరావాలి.

నాలుగవ మెట్టు: ఒకే ఒక్క సంఘటనను ఎంచుకోవడం

చిన్న కథ ఒక్క సంఘటననే మోయగలదు. పిల్లి తప్పిపోవడం, జబ్బు చేయడం, ఇంట్లోకి పసిబిడ్డ రావడం, ఇల్లు మారడం, పిల్లి కూనలను కనడం, పిల్లి ముసలిదై చనిపోవడం వంటివి ఈ జంటకు సహజంగా కుదిరే సంఘటనలు. వీటిలో రెండింటిని కలిపితే ఒకదాని బరువును మరొకటి తగ్గిస్తుంది. ఇల్లు మారడం వల్ల పిల్లి దాక్కోవడం మాత్రం ఒకే సంఘటనగా లెక్కకు వస్తుంది, ఎందుకంటే రెండోది మొదటిదాని ఫలితం. మన ఉదాహరణ కథకు దీన్నే తీసుకుందాం.

పిల్లి తప్పిపోయే కథలు రాసేవారు సాధారణంగా అమ్మాయిని ఊరంతా తిప్పుతారు. వంతెనలు దాటిస్తారు, అడవుల్లోకి పంపిస్తారు. నిజ జీవితంలో ఇంట్లో పెరిగిన పిల్లి కొత్త చోట బెదిరితే చాలా సందర్భాల్లో దగ్గరలోనే ఏదో ఇరుకు సందులో నక్కి ఉంటుంది. ప్రేమించే మనిషి పేరు పెట్టి పిలిచినా చప్పుడు చేయదు. భయపడిన పిల్లికి మౌనమే రక్షణ. ఈ నిజం పెద్ద సాహసయాత్రకన్నా కథకు ఎంతో ఎక్కువ బలం ఇస్తుంది. తను రెండు అడుగుల దూరంలో నిలబడి గొంతు చించుకుని పిలుస్తున్నా గవ్వ పలకడం లేదని తెలిసినప్పుడు నీలకు కలిగే బాధలో, ప్రేమ గురించి చెప్పవలసినదంతా ఉంది. ఆమె అరుపే గవ్వను లోపలికి నెడుతోంది. ఆ సంగతి ఆమెకు తెలియడమే కథలోని మలుపు.

ఐదవ మెట్టు: కథ నడకను వేసుకోవడం

సంఘటన తేలాక, కథను ఐదారు వాక్యాల్లో రాసుకోవాలి. నీల కథ ఇలా ఉంటుంది. పాత ఇంట్లో నీల గవ్వను బిగించి ఎత్తుకోవడం, గవ్వ జారిపోయి బీరువా పక్కన ఉన్న ఇరుకు చోటులోకి దూరి పడుకోవడం కనిపిస్తుంది. కొత్త ఇంటికి వచ్చిన రోజున సామాను దింపే హడావిడిలో గవ్వ మాయమవుతుంది. నీల మొదట గట్టిగా పిలుస్తూ గదులన్నీ తిరుగుతుంది. తరువాత పెద్దవాళ్ళను తోడు తెచ్చుకుని పెట్టెలన్నీ జరిపిస్తుంది, ఆ చప్పుడుకు గవ్వ ఇంకా లోపలికి పోతుంది. చివరికి అలసిపోయి, మాట్లాడడం మానేసి నేల మీద కూర్చుంటుంది. అప్పుడు ఇంకా విప్పని పెట్టెలను అలవాటు ప్రకారం లెక్కపెడుతుంది. గోడకు ఆనించి ఉన్న రెండు పెట్టెల మధ్య సందు కనిపిస్తుంది. ఆ సందులో రెండు కళ్ళు మెరుస్తాయి. నీల చేయి చాచదు. కళ్ళు నెమ్మదిగా మూసి, నెమ్మదిగా తెరుస్తుంది.

ఈ నడకలో గమనించవలసినవి రెండు ఉన్నాయి. నీల చేసిన మొదటి రెండు ప్రయత్నాలు విఫలమైనది దురదృష్టం వల్ల కాదు, ఆమె ఆలోచించిన తీరు వల్ల. అందుకే మూడవది గెలిచినప్పుడు అది ఆమె గెలుపు అవుతుంది. రెండవది, ఇరుకు చోట్లంటే గవ్వకు ఇష్టమన్న సంగతీ, నీలకు లెక్కపెట్టే అలవాటు ఉన్న సంగతీ మొదటి పేజీల్లోనే పాఠకుడికి తెలుసు. అవసరం వచ్చిన చోట అప్పటికప్పుడు పుట్టించిన వివరాన్ని పిల్లలు నమ్మరు. ముందే నాటిన వివరం పనికివచ్చినప్పుడు మాత్రం, తమకు ముందే తెలుసని ఎగిరి గంతేస్తారు.

పెద్దవాళ్ళు సమస్యను పరిష్కరించకూడదు. అమ్మ టార్చిలైటు తెచ్చి గవ్వను బయటకు తీస్తే నీలకు కథలో పనేమీ ఉండదు. అలాగని పెద్దవాళ్ళను మూర్ఖులుగానో కఠినులుగానో చూపించడం కూడా న్యాయం కాదు. వాళ్ళకు సామాను సర్దే పని ఉంది, వాళ్ళు ప్రేమగానే ఉన్నారు, కానీ గవ్వను నీలకు తెలిసినంత దగ్గరగా వాళ్ళు ఎరుగరు. అంత చాలు.

ఆరవ మెట్టు: ఎవరి కళ్ళతో చెప్పాలి, పిల్లి మాట్లాడాలా

అమ్మాయి వెంట నడిచే కథనం చిన్నపిల్లలకు అన్నిటికన్నా సులువుగా అందుతుంది. పిల్లి కళ్ళతో చెప్పడం కూడా అందంగానే ఉంటుంది కానీ, అప్పుడు మనుషుల మాటలు పిల్లికి ఎంతవరకు అర్థమవుతాయి అన్న హద్దును మొదటి పేజీలోనే గీసుకుని చివరి వరకు దాటకుండా ఉండాలి. ఒక పేజీలో పిల్లి, మరో పేజీలో అమ్మాయి అంటూ మార్చుకుంటూ పోతే చిన్నపిల్లలు దారి తప్పుతారు.

పిల్లి చేత మనిషి మాటలు మాట్లాడించవద్దనే నేను గట్టిగా చెబుతాను. మాట్లాడే జంతువుల కథలకు గొప్ప సంప్రదాయం ఉంది, వాటి విలువ వాటిదే. అయితే ఒక అమ్మాయికీ ఒక పిల్లికీ మధ్య ఉన్న అనుబంధం మాటలు లేకపోవడం వల్లనే అంత విలువైనది అవుతుంది. ‘నాకు భయంగా ఉంది నీలా’ అని గవ్వ చెప్పేస్తే నీల అర్థం చేసుకోవడానికి ఏమీ మిగలదు. పాఠకుడికీ మిగలదు.

ఏడవ మెట్టు: మొదటి పేజీ రాయడం

మొదటి పేజీలోనే అమ్మాయి, పిల్లి, వాళ్ళ మధ్య ఉన్న ఎడం మూడూ కనిపించాలి. ముందుగా చాలామంది రాసే విధంగా ఒక ఆరంభాన్ని చూద్దాం.

‘అనగనగా ఒక ఊరిలో నీల అనే అందమైన అమ్మాయి ఉండేది. ఆమెకు గవ్వ అనే ముద్దులొలికే పిల్లి ఉండేది. నీలకు గవ్వ అంటే ఎంతో ప్రేమ. గవ్వకు కూడా నీల అంటే ఎంతో ఇష్టం. ఇద్దరూ ఎప్పుడూ కలిసి ఆడుకునేవారు.’

ఇందులో తప్పు వాక్యం ఒక్కటీ లేదు, కంటికి కనిపించేది కూడా ఒక్కటీ లేదు. బొమ్మ వేసే చిత్రకారుడికి ఏం గీయాలో తెలియదు. ఇదే సంగతిని మరో విధంగా రాయవచ్చు.

‘నీల మెట్లు లెక్కపెడుతూ దిగింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో మెట్టు మీద గవ్వ పడుకుని ఉంది. నీల ఒక్క గెంతు గెంతి గవ్వను గట్టిగా పట్టుకుంది. గవ్వ తోక ఇటు విసిరింది. గవ్వ తోక అటు విసిరింది. గవ్వ సర్రున జారిపోయి, బీరువా పక్కన సందులోకి దూరిపోయింది. నీల చేతుల్లో మూడు వెంట్రుకలు మిగిలాయి. ఒకటి తెల్లది, ఒకటి నల్లది, ఒకటి నారింజది. నీల వాటిని కూడా లెక్కపెట్టింది.’

రెండవ రచనలో ప్రేమ అన్న మాట ఎక్కడా లేదు. అయినా నీలకు గవ్వ ఎంత కావాలో తెలుస్తోంది, గవ్వకు ఏది నచ్చదో తెలుస్తోంది, ఇరుకు సందు కథలోకి వచ్చేసింది, లెక్కపెట్టే అలవాటు వచ్చేసింది. ‘గవ్వ తోక విసిరింది’ అన్నది రెండుసార్లు రావడం వల్ల చదివి వినిపించేటప్పుడు పిల్లలు రెండోసారి గొంతు కలుపుతారు. ఆ తోక మళ్ళీ కథ చివర నిటారుగా లేచినప్పుడు, ఏమీ వివరించకుండానే వాళ్ళకు అర్థమవుతుంది.

ఎనిమిదవ మెట్టు: భాషను పిల్లల నోటికి అందించడం

పిల్లల కథను చెవితో రాయాలి. ప్రతి పేజీనీ పైకి చదివి, ఊపిరి ఆగిన చోట వాక్యాన్ని విరగ్గొట్టాలి. సొంతంగా చదవడం నేర్చుకుంటున్న పిల్లలకు ఒకే వాక్యంలో వత్తులూ సంయుక్తాక్షరాలూ గుంపుగా వస్తే ఇబ్బంది కలుగుతుంది. ‘ఆశ్చర్యచకితురాలైంది’ అనే చోట ‘నీల కళ్ళు పెద్దవయ్యాయి’ అంటే చదవడానికీ సులువు, చూడడానికీ బొమ్మ దొరుకుతుంది. పాత్రల పేర్లు కూడా రెండు మూడు అక్షరాల్లో, పలకడానికి హాయిగా, ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఉండాలి.

తెలుగులో ధ్వనిని పట్టి చెప్పే మాటలకు లోటు లేదు. చటుక్కున, సర్రున, బుడిబుడి, గురగుర, తపతప, చప్పున వంటి మాటలు పిల్లి కదలికలను అలా కళ్ళ ముందు పెట్టేస్తాయి. ఇవి పేజీకి ఒకటి రెండు ఉంటే కథ గెంతుతుంది, ప్రతి వాక్యంలోనూ ఉంటే చెవి మొద్దుబారుతుంది. అమ్మాయి మాట్లాడే మాటలు ఆ వయసు పిల్లలు నిజంగా మాట్లాడేలా ఉండాలి. ఏడేళ్ళ పాప తన దుఃఖాన్ని గంభీరమైన వాక్యాల్లో వివరించదు. ‘గవ్వ నా మీద అలిగిందా?’ అని అడుగుతుంది.

బొమ్మల కథ అయితే, బొమ్మలో కనిపించేదాన్ని మాటల్లో మళ్ళీ చెప్పకూడదు. చెప్పకుండా వదిలేసినది బొమ్మ చెప్పగలిగితే ఇంకా మంచిది. నీల గదులన్నీ వెతుకుతున్న పేజీల్లో పెట్టెల మధ్య నుంచి ఒక తోక కొన మాత్రం కనిపించేలా గీయమని చిత్రకారుడికి రాసి ఇవ్వవచ్చు. నీలకన్నా ముందే గవ్వను కనిపెట్టిన పిల్లలు, పేజీలు ఆగి ఆగి తిప్పుతారు.

తొమ్మిదవ మెట్టు: పిల్లలు అనుకరిస్తారని గుర్తుంచుకోవడం

కథలో అమ్మాయి చేసిన పనిని పిల్లలు ఇంట్లో చేసి చూస్తారు. ఈ బాధ్యతను తేలికగా తీసుకోకూడదు. గిన్నెడు పాలు పోస్తే పిల్లి సంతోషంగా తాగే దృశ్యం ఎన్నో కథల్లో కనిపిస్తుంది కానీ, పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగక కడుపు చెడుతుంది. గిన్నెలో నీళ్ళు ఉన్నట్టు రాస్తే సరిపోతుంది. ఊలు ఉండతో ఆడే పిల్లి బొమ్మ ఎంత అందంగా ఉన్నా, మింగిన దారం పేగులకు చుట్టుకుని ప్రాణాపాయం తెస్తుంది కాబట్టి, ఆ ఆటను పెద్దల కళ్ళ ముందు జరిగేలా రాయాలి, లేదా దారం బదులు కాగితపు ఉండ ఇవ్వాలి. లిల్లీ పూల పుప్పొడి కూడా పిల్లికి విషమే, అందువల్ల కిటికీలో పిల్లి పక్కన లిల్లీ పూలసజ్జ గీయవద్దని చిత్రకారుడికి చెప్పాలి. కూనను మెడ తోలు పట్టుకుని ఎత్తడం తల్లి పిల్లికి మాత్రమే తెలిసిన విద్య. అమ్మాయి ఎత్తినప్పుడు ఒక చేయి ఛాతీ కింద, మరో చేయి వెనక కాళ్ళ కింద ఉండాలి. కూనను ఇంటికి తెచ్చుకునే కథ అయితే, అది కనీసం 8 వారాలైనా తల్లి దగ్గర పెరిగిన తరువాతే రావాలి.

ఇవన్నీ పాఠాల్లా చెప్పనవసరం లేదు. సరైన పని కథలో మామూలుగా జరిగిపోతే చాలు.

పదవ మెట్టు: పిల్లి చనిపోయే కథ రాయవలసి వస్తే

బాగా చూసుకున్న ఇంటి పిల్లి 12 నుంచి 18 ఏళ్ళ వరకు బతుకుతుంది. అంటే పసితనంలో తోడుగా వచ్చిన పిల్లి చాలామంది పిల్లల జీవితంలో వాళ్ళు చూసే మొదటి మరణం అవుతుంది. ఇలాంటి కథ రాయడానికి వెనుకాడవద్దు, దాని అవసరం నిజంగా ఉంది. అయితే ‘నిద్రపోయింది’, ‘ఎక్కడికో వెళ్ళిపోయింది’ అనే మాటలు వాడకూడదు. చిన్నపిల్లలు మాటను మాటగానే తీసుకుంటారు కనుక, రాత్రి పడుకోవాలంటే భయపడతారు, వెళ్ళిపోయిన పిల్లి తిరిగి వస్తుందని గుమ్మం దగ్గర ఎదురుచూస్తారు. ‘గవ్వ చనిపోయింది. గవ్వ ఇక లేవదు’ అని మెల్లగా, సూటిగా రాయాలి. అమ్మాయి ఏడుపును అడ్డుకోవడానికి తరువాతి పేజీలోనే కొత్త కూనను తీసుకురావడం మాత్రం ఆ దుఃఖాన్ని అవమానించడమే. కావాలంటే కొత్త కూన చాలా కాలం గడిచాక రావచ్చు, లేదా రాకనే పోవచ్చు. అమ్మాయి ఇక వేరే మెట్టు మీద కూర్చోవచ్చు, లేదా గవ్వ పడుకునే మెట్టు మీదే కూర్చుని గవ్వ గురించి ఎవరికైనా చెప్పవచ్చు.

పదకొండవ మెట్టు: వినిపించడం, దిద్దడం

చిత్తుప్రతిని కొన్నాళ్ళు పక్కన ఉంచి, తరువాత ఆ వయసు పిల్లలకు చదివి వినిపించాలి. బాగుందా అని అడిగితే పిల్లలు మర్యాదకు బాగుందంటారు. కాబట్టి అడగకుండా, వాళ్ళను చూడాలి. ఏ పేజీలో కాళ్ళు ఊపడం మొదలుపెట్టారు, ఎక్కడ ముందుకు వంగారు, ఎక్కడ మధ్యలో ఆపి ప్రశ్న వేశారు అన్నవి పేజీ అంచున రాసుకోవాలి. కాళ్ళు ఊగిన పేజీలో దాదాపు ఎప్పుడూ రచయిత ఏదో ఒకటి వివరిస్తూ ఉంటాడు. అక్కడ సగానికి సగం కొట్టివేయవచ్చు. విన్న తరువాత కథను తిరిగి చెప్పమంటే, వాళ్ళు గుర్తుపెట్టుకున్న వివరాలే కథకు ప్రాణమైనవని తెలిసిపోతుంది.

పిల్లి ఉన్న ఇంటి బిడ్డకూ, పిల్లిని ఎప్పుడూ దగ్గరగా చూడని బిడ్డకూ వేరువేరుగా చదివి వినిపించడం వల్ల మరింత మేలు జరుగుతుంది. మొదటి బిడ్డ ‘పిల్లి అలా చేయదు’ అని తప్పు పడుతుంది, ఆ మాటను అక్కడికక్కడే ఒప్పుకుని దిద్దుకోవాలి. రెండవ బిడ్డ నెమ్మదిగా కళ్ళు మూసి తెరవడం అంటే ఏమిటని అడిగితే, మొదటి పేజీల్లో ఆ వివరాన్ని ఇంకాస్త తేటగా నాటాలని అర్థం.

చివరిగా ఆఖరి పేజీని మాత్రమే విడిగా తీసుకుని, అందులో నీతి చెప్పే వాక్యం ఏదైనా మిగిలి ఉంటే తీసివేయాలి. ‘అప్పటి నుంచి నీల ఓపికగా ఉండడం నేర్చుకుంది’ అన్న వాక్యం చిత్తుప్రతిలో తప్పకుండా దొరుకుతుంది. దాన్ని కొట్టివేసి, నీల చేతులు ఒడిలోనే ఉన్నాయనీ, గవ్వ తోక నిటారుగా లేచిందనీ రాసి కథను అక్కడ ఆపితే సరిపోతుంది. ఆ పేజీలో బొమ్మకు ఎక్కువ చోటు ఇచ్చి, మాటలను రెండు వరుసలకు మించనివ్వకూడదు.